ఊ కొట్టే దూరం

మిషనక్క గోడతో మాట్లాడుతుందని కొత్తగా చూసినవాళ్లు అనుకునేవారు. గోడతో కాదు పాపం, మొగుడితోనే. కుట్టుమిషను కిటికీ వెలుతురుకి ఎదురుగా వేసుకుంటే మొగుడి మంచం ఆవిడ వీపు వెనక్కి వచ్చేది. ఉన్నవి రెండే గదులు, ఇంకెటు తిప్పినా మంచం పట్టేది కాదు. అందుకని ఆవిడ కళ్లు సూది మీద పెట్టి, కాళ్లు పెడలు మీద ఆడిస్తూ, నోటికొచ్చిందల్లా చెబుతూ పోయేది. ఎవరి చొక్కా బిగుతైంది, ఎవరు మళ్లీ లావయ్యారు, ఎదురింటావిడ గౌను ఇచ్చి ఎన్నాళ్లైనా తీసుకెళ్లదేం, ఇలాంటివే. వెనకనుంచి మేస్త్రీ "ఊ" అనేవాడు. పగలంతా ఎండలో ఇటుక మీద ఇటుక పెట్టొచ్చి నడుం వాల్చిన మనిషి, నిజంగా వింటున్నాడో లేదో దేవుడికెరుక. ఊ మాత్రం టంచనుగా పడేది.

"ఎందుకక్కా ఆ మనిషిని కాస్త పడుకోనివ్వవు?" అని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవాళ్లు. ఆవిడ నవ్వి ఊరుకునేది. అసలు సంగతి నలుగురిలో చెప్పుకునేది కాదు మరి.

మేస్త్రీకి షుగరు. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకోవాలి, వేసుకున్నాక వేళకి తినాలి. ఆలస్యమైందా, షుగరు అమాంతం పడిపోతుంది. ఒకసారి అలాగే పనికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టి, పెట్టినవే తీస్తూ తీసినవే పెడుతూ నిలబడిపోయాడు. ఒళ్లంతా చెమట. "ఏమైందయ్యా?" అంటే "నాకేం? రాయిలా ఉన్నాను, పో!" అని కసిరాడు. కసురుతూనే కుప్పకూలాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్న మాట ఒకటుంది. "కొందరికి ముందుగా తెలుస్తుందమ్మా. ఈయనకి తెలియదు. పక్కనున్నవాళ్లే కనిపెట్టాలి."

అంతే. ఆ పక్కనున్నవాళ్లు ఎవరు? ఈవిడే. ఆ రోజు గుండెలో దూరిన భయం మళ్లీ బయటికి పోలేదు. కొంగు చివర ఎప్పుడూ గుప్పెడు పంచదార మూటకట్టుకుని తిరిగేది. చీమలు పట్టినా సరే, ఉతికినప్పుడల్లా విప్పి మళ్లీ కట్టుకునేది. ఇక ఊ కొట్టించడం అప్పుడే మొదలైంది. నిద్రలో ఊ వేరు, విసుగులో ఊ వేరు. నీరసం కమ్ముతున్నప్పుడు వచ్చే ఊ ఇంకా వేరు. అది చివర్లో సాగుతుంది, నాలుక మందమైనట్టు ఉంటుంది. అది చెవిన పడ్డ క్షణంలో ఆవిడ పాదం పెడలు మీద ఆగిపోయేది. ఆయన మారాం చేస్తున్నా దవడ పట్టుకుని పంచదార నీళ్లు పట్టించేది. కాసేపటికి తేరుకుని "ఏమే, ఏం పట్టావు, గొంతంతా తీపి!" అని మేస్త్రీ తిట్టేవాడు. ఆ తిట్లు వింటే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

ఇలా రెండు గదుల్లో సాగిపోతున్న సంసారంలోకి పెద్దిల్లు వచ్చిపడింది.

మేస్త్రీకి అదొక్కటే కోరిక. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లకి హాళ్లూ మేడలూ కట్టిపెట్టిన చేతులు. కట్టడం అయ్యాక ఆ గుమ్మంలోకి అడుగు పెట్టాలంటే చెప్పులు విప్పి, పిలిచేదాకా ఆగాలి. "ఒక్కసారి, నా ఇంట్లో నేను ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే కాళ్లు నొప్పి పుట్టాలే" అనేవాడు. ఇద్దరు కూతుళ్లూ పెళ్లిళ్లై ఎవరిళ్లలో వాళ్లున్నారు. "మీ ఇద్దరికీ అంతిల్లు దేనికి నాన్నా?" అని వాళ్లంటే చెవిన వేసుకోలేదు. వీధి చివర స్థలంలో పునాది తీశాడు. ముందుగా ఓ మూల సిమెంటు బస్తాలకని రేకుల గది ఒకటి వేసి, అద్దె గదులు ఖాళీ చేసి మొగుడూ పెళ్లాం అందులోకే మారారు. బస్తాలు ఒక పక్క, మిషను ఒక పక్క, మధ్యలో మంచం. సిమెంటు దుమ్ముకి ఆవిడ దగ్గుతూనే మాట్లాడేది, ఆయన దగ్గుతూనే ఊ అనేవాడు. ఇల్లు పైకి లేస్తున్నకొద్దీ ఆవిడకి లోపల గుబులు లేస్తూ వచ్చింది.

ఒకరోజు మేస్త్రీ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. కింద వెనకవైపు ఒక గది చూపించాడు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, బట్టలు కత్తిరించుకోవడానికి నడుమెత్తున అరుగు.

"ఇది నీ మిషను గది. లోపలి గోడలు ఎవడైనా నాలుగున్నర అంగుళాలే కడతాడు. నేను అన్నిటికీ తొమ్మిదంగుళాలు పెట్టాను. నువ్వు రోజంతా టకటకలాడించుకో, ఎవరూ విసుక్కోరు. అద్దె గదుల్లో పక్కవాళ్లు గోడ కొట్టేవాళ్లు చూడు, ఇక ఆ బాధ లేదు."

మేస్త్రీ తమ్ముడు రంగులు వేస్తాడు. ఆ రోజు నిచ్చెన మీదున్నాడు. "అన్నా, ఈ ఇంట్లో వదిన తప్పిపోతే టీవీలో ప్రకటన ఇవ్వాలా?" అని పళ్లికిలించాడు. మేస్త్రీకి ఉత్సాహం వచ్చింది. మిషను మోయించి గదిలో పెట్టించి, ఆవిణ్ణి తొక్కమని, తలుపు మూసి అందరినీ హాల్లో నిలబెట్టాడు. చప్పుడు రాలేదు. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. తలుపు తీసేసరికి ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"వినపడలేదే! ఒక్క ముక్క వినపడలేదు!" అన్నాడు మేస్త్రీ, ముఖం వెలిగిపోతూ.

ఏం చెబుతుంది? నాకు కావలసింది సరిగ్గా నువ్వు చంపేసిన ఆ చప్పుడేనయ్యా అని చెబుతుందా? ముప్పై ఏళ్ల కోరికని, అందులోనూ తనకోసమే కట్టానంటున్న గదిని? "బాగుంది" అంది. ఆ ఒక్కమాటే ఆవిడ చేసిన తప్పు, ఆ తర్వాత దాన్ని దిద్దుకోవడానికి సందు దొరకలేదు.

కొత్తింట్లో మొదటి పొద్దునే ఆవిడ అలవాటు కొద్దీ సూదికి దారం ఎక్కిస్తూ "అన్నట్టు విన్నావా?" అంది. వెనక తెల్లటి గోడ. లేచి హాల్లోకొచ్చింది, లేడు. వంటింట్లో లేడు. మెట్లెక్కి చూస్తే ముందువైపు వరండాలో కూర్చుని వీధి చూస్తున్నాడు. "ఏమే?" అంటే "కత్తెర కనపడలేదు" అంది. కత్తెర చేతిలోనే ఉంది.

ఆ తర్వాత రోజూ అదే తంతు. మంచినీళ్లంటూ ఒకసారి, ఎవరో పిలిచారంటూ ఒకసారి, ఏమీ తోచక ఊరికే ఒకసారి. ఒక కాలరు కుట్టేలోపు లేవాలనిపించేది. ఒక్కోసారి అటువైపు దబ్బుమని ఏదో పడ్డట్టు అనిపించి పరుగెత్తేది, తీరా చూస్తే గాలికి కొట్టుకున్న తలుపు. ఇంకోసారి ఏ చప్పుడూ లేకపోతే అది మరీ దడ. గదులన్నిటికీ ఒకే రకం తలుపులు, ఒకే రంగు. ఏ తలుపు వెనక మనిషున్నాడో, ఏది ఖాళీయో బయటికి తెలియదు. కుట్టిన చొక్కాల చేతులు పొట్టిగా రావడం మొదలైంది. "ఏంటక్కా, కొత్తింట్లోకెళ్లాక కొలతలు మర్చిపోయావా?" అని ఒకామె మొహం మీదే అనేసింది.

సెల్‌ఫోను లేదా అంటారు. ఉంది, మహారాజులా ఏదో ఒక గదిలో ఛార్జింగులో ఉంటుంది. మరిది ఓ సైకిలు గంట తెచ్చి "అన్నకి ఏదైనా అయితే మోగిస్తాడు వదినా" అన్నాడు. మేస్త్రీ దాన్ని వంటింటి మేకుకి తగిలించి వచ్చేపోయేవాళ్లకి మోగించి నవ్వించేవాడు. పడిపోతున్నట్టు తనకే తెలియని మనిషి గంటేం మోగిస్తాడన్నది ఆ అన్నదమ్ములకి తట్టలేదు. ఓపిక పట్టలేక ఓ రోజు ఆవిడే మిషను హాల్లోకి ఈడ్చుకొచ్చింది. సాయంత్రం వచ్చి చూసిన మేస్త్రీ, భోజనం అయ్యాక తానే తోసుకెళ్లి మళ్లీ గదిలో పెట్టాడు.

"నీకు నచ్చలేదా ఆ గది?"

"నచ్చకేం. నువ్వు కనపడవని."

"నేనేం పసిపిల్లాణ్ణా, కాపలా కాయడానికి? నీ భయాలతో నన్ను రోగిష్టివాణ్ణి చేస్తున్నావు. కాస్త నన్నూ ఈ ఇల్లు అనుభవించనీ" అన్నాడు. గొంతులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువుంది. ఆవిడ ఇక ఆ మాట ఎత్తలేదు.

వానలు మొదలయ్యాయి. ఆ పొద్దున మేస్త్రీ సూది వేసుకున్నాడు. ఆవిడ కంచంలో పెట్టి, మూత వేసి, "తినేసెయ్యి, చల్లారిపోతుంది" అంది. "ఊ" అన్నాడు. మామూలు ఊ, ఏ తేడా లేదు. బడి తెరిచే రోజులు కావడంతో చేతినిండా యూనిఫాంలున్నాయి. ఆవిడ వెళ్లి మిషను ముందు కూర్చుంది. ఈసారి లేవకూడదని పళ్ల బిగువున పంతం పట్టింది. మొగుడు నొచ్చుకున్నాడు మరి. ఒక చొక్కా అయింది, రెండోది అయింది. ఎవరికీ చెప్పని మాటలు గొంతులోనే ఉండిపోయాయి. చివరికి గుండీల డబ్బా వంటింట్లో ఉందని గుర్తొచ్చి లేచింది. ఈసారి నిజంగానే.

వంటింట్లో కంచం ఉంది. మూత తీసింది. పెట్టింది పెట్టినట్టే ఉంది.

పైప్రాణాలు పైనే పోయాయి. "ఏమయ్యా!" అని అరిచింది. హాల్లోంచి తన గొంతే తిరిగొచ్చింది. "ఏమయ్యా, ఎక్కడున్నావు?" మళ్లీ తన గొంతే. ముందుగది చూసింది. స్నానాలగది తలుపు తోసింది. మెట్ల దగ్గర ఆయన చెప్పులున్నాయి, అంటే బయటికి పోలేదు. పోలేదా, కాళ్లకి చెప్పుల్లేకుండా పోయాడా? షుగరు పడితే ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. పైకి పరుగెత్తి వరండా చూసింది, పడకగది చూసింది, పక్కగది చూసింది. వెనకవైపు నడవాలో చీకటిగా ఉంది, పిలుస్తూ దాని చివరిదాకా వెళ్లి, అటుపక్క అన్నీ వాడకుండా మూసిపెట్టిన గదులే కదా అని వెనక్కి తిరిగింది. మళ్లీ కిందికొచ్చి వానలోనే వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటావిడ కిటికీలోంచి "మేస్త్రీ ఇటు రాలేదక్కా!" అంది. ఇంట్లోనే ఉన్నాడు. తన ఇంట్లో, తన మొగుడు, ఏ గదిలో ఉన్నాడో తనకి తెలియదు. ఏడుపు కూడా రాలేదు.

రెండోసారి మెట్లెక్కుతుంటే అరికాలికి చల్లగా, గరుగ్గా ఏదో అంటుకుంది. వంగి చూసింది. సిమెంటు మాలు, ఇంకా పచ్చిగా ఉంది. పై మెట్టు మీద ఇంకో బొట్టు. పొద్దున ఆయన అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది: "వెనకగది స్లాబులో చెమ్మ దిగినట్టుందే, చూడాలి." తిండి సంగతి మరిచి తాపీ పట్టుకున్నాడన్నమాట! ఆవిడ నడుం వంచి ఆ బొట్ల వెంట పడింది. బొట్లు మెట్ల మీదుగా, నడవాలోకి, ఇందాక తాను వెనక్కి తిరిగిన చోటు దాకా వెళ్లి, మూసిన తలుపు కిందికి దూరాయి.

తోసింది. నాలుగు వేళ్లు దూరేంత తెరుచుకుని ఆగిపోయింది. అవతల బరువుగా ఏదో అడ్డుంది. ఆ ఏదో ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది.

"ఏమయ్యా! ఇదిగో, నేను. విన్నావా?"

సందులోంచి, నేలబారుగా, ఊపిరికంటే కాస్త ఎక్కువగా వచ్చింది. "ఊ."

ఆవిడ నేలమీద బోర్లా పడింది. కొంగు మూట పళ్లతో విప్పింది. పంచదార వేళ్లకద్దుకుని చెయ్యి సందులో దూర్చింది. తలుపు చెక్క ముంజేతిని గీరుకుపోయింది, పట్టించుకోలేదు. తడుముతుంటే ముందు గడ్డం తగిలింది, మంచులా చల్లగా, చెమటతో జారుతూ. తర్వాత పెదాలు. కొంచెం కొంచెంగా చిగుళ్లకి రుద్దింది. మళ్లీ అద్దుకుంది, మళ్లీ రుద్దింది. ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. ఎవరి చొక్కా బిగుతైందో, ఎవరు గౌను తీసుకెళ్లలేదో, ఏడుస్తూ అవే కబుర్లు. ఆగితే ఆయన కూడా ఆగిపోతాడేమోనని భయం. ఎప్పటికోగానీ ఆమె వేలిని ఆయన నాలుక తాకింది. ఇంకాసేపటికి ఆ బరువు తలుపుని వదిలి పక్కకి దొర్లింది.

సాయంత్రానికి డాక్టరమ్మ చూసి వెళ్లింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. మరిది గుమ్మంలో నిలబడ్డాడు. వాడి నోట ఒక్క జోకు రాలేదు. మంచం మీద మేస్త్రీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు వచ్చావు" అన్నాడు. "తలుపు ముందుకే వచ్చావు. నీ గొంతు వినపడుతూనే ఉంది."

"అవును."

"నేను ఊ అంటూనే ఉన్నానే. పిలిచినప్పుడల్లా అన్నాను. నోరు పెద్దగా రాలేదు. నువ్వు వెనక్కి వెళ్లిపోతుంటే అడుగుల చప్పుడు..." అరిచేత్తో గోడని ఒకసారి నిమిరాడు. "నా చేతులతో నేనే కట్టుకున్నాను. తొమ్మిదంగుళాలు."

నేను ముందే భయపడ్డానని ఆవిడ అనొచ్చు. అనలేదు. భయం గెలిచిందని సంబరపడేంత పిచ్చిది కాదు ఆవిడ.

ఆ వారమే సిమెంటు బస్తాల రేకుల గది కడిగించారు. బస్తాలు ఉన్నవైపు పొయ్యి పెట్టారు. మిషను కిటికీ దగ్గర, మంచం వీపు వెనక. పెద్దిల్లు చిన్నపిల్లల బడికి అద్దెకిచ్చారు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "అంత మేడ కట్టి బస్తాల కొట్లో కాపురమా! మేస్త్రీకి మతి పోయిందా?" అన్నారు. మరిది మళ్లీ జోకులు వేసేంత వాడయ్యాడు: "మా అన్న ఇల్లు ఎంత పెద్దదంటే, తనే బయట కాపురం ఉంటాడు!" మేస్త్రీ పడీపడీ నవ్వాడు. మేడ వైపు మాత్రం చూడలేదు. కొత్తగా ఇల్లు కట్టించుకుంటామని ఎవరైనా వస్తే మాత్రం, గదులెన్ని అని అడగడం మానేశాడు. "ఇంట్లో ఎంతమంది? మెల్లగా పిలిస్తే పలకాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాడు. ఇదేం ప్రశ్నరా బాబూ అని కొందరు ఇంకో మేస్త్రీని చూసుకున్నారు.

భయం పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది? మూడు అడుగుల దూరంలో మంచం ఉన్నా, ఊ కాస్త ఆలస్యమైతే ఆవిడ పాదం పెడలు మీద ఇప్పటికీ ఆగిపోతుంది. పంచదార మూట కొంగునే ఉంది. కాకపోతే భయపడి తిరిగి చూస్తే అక్కడ మనిషి కనపడతాడు.

ఓ సాయంత్రం బడి గంట కొట్టారు, పిల్లలంతా వెళ్లిపోయి మేడ ఖాళీ అయింది. ఆవిడ ఎవరిదో గౌను కుడుతూ ఎదురింటావిడ కథ చెబుతోంది. సగంలో దారం తెగింది. మిషను ఆగింది. తడిపి ఎక్కిద్దామని దారం కొస పెదాల మధ్య బిగించి, సూది బెజ్జం కోసం కళ్లు చికిలించి వంగింది. గదిలో చప్పుడు లేదు.

"ఏమే?" అన్నాడు వెనకనుంచి.

నోట్లో దారం ఉంది, ఆవిడ పలకలేదు.

"ఏమే! ఆగిపోయావేం? ఏమైంది? మాట్లాడవేం?"

మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నట్టున్నాడు. ఆ గొంతు ఆవిడకి బాగా తెలుసు. మేడ మెట్ల మీద తన నోట్లోంచి వచ్చిన గొంతే అది. ఇన్నాళ్లూ తాను ఆయన ఊ కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, ఆయన కూడా వెనకనుంచి తన మాట కోసం అలాగే కూర్చున్నాడని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

దారం పళ్ల మధ్యే ఉంచుకుని, ఆలస్యం చెయ్యకుండా, "ఊ" అంది.